డిస్క్ చెరిపేయమంటారా?

అక్టోబరు 8, మంగళవారం

కరెంటు మళ్ళీ పోయింది. ఫెడోరా ఎక్కించడం తొంభై శాతం దాకా వచ్చాక పోయింది. నోటికొచ్చిన బూతులన్నీ గోడకి వినిపించి, ఈ నోటుబుక్కు ముందేసుకున్నాను. కాగితానికి కరెంటు అక్కర్లేదు.

ఈ నెలలో సర్వర్‌కి ఇది మూడో లినక్స్, అంటే యంత్రాన్ని నడిపే సిస్టమ్. ఉబుంటు బరువనిపించింది. ఆర్చ్‌కి రోజూ సేవ చేసే ఓపిక నాకు లేదు. సర్వర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, తెర పగిలిన పాత లాప్‌టాప్. సొంత బ్యాటరీ చచ్చి రెండేళ్ళయింది. దానికున్న పని ఒక్కటే, గేటు మీది కెమెరా చూసినదంతా పక్కనున్న పెద్ద డిస్కులో దాచడం. పోయిన నెల మా వీధిలో రెండు గేట్లకి పెట్రోలు పోసి తగలబెట్టారు, అందుకని పెట్టాను. మా ఊరు గుయాకిల్‌లో ఇప్పుడు ఇంటికో కన్నుండాలి.

సైబర్ షాపు వాషో ఫోన్లోనే నవ్వాడు. "డెబియన్ వేసుకుని చావరా ఎలోయ్. ముసలి గాడిదే గానీ, దారిలో పడుకోదు. నువ్వు చొక్కాలు మార్చినట్టు లినక్స్ మారుస్తున్నావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం."

సాయంత్రం ఇటాలో వచ్చాడు, భుజం మీద బ్యాటరీ మోసుకుంటూ. ఎదురింటివాడు, మూడు చక్రాల బండి నడుపుతాడు. చిన్నప్పుడు ఇద్దరం కలిసి ఉప్పుటేరులో ఈదినవాళ్ళం.

"నీ పెట్టెకి నా బండి గుండె కోసి తెచ్చాను, తీసుకో."

"మరి నీ బండి?"

"దానికి కొత్తది వేశాలే. ఇది ఇంకో ఏడాది వస్తుంది. కరెంటున్నా లేకపోయినా నీ కెమెరా చూస్తూనే ఉంటుంది. కాకపోతే దాని మూతి కాస్త పక్కకి తిప్పు, మా అమ్మ గుమ్మం కూడా కనపడాలి."

తిప్పాను.

అక్టోబరు 10, గురువారం

ఫెడోరా మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాను. కరెంటు లేదు, కెమెరా నడుస్తోంది! ఇటాలో గేటు ముందు నిలబడి కోతిలా గెంతాడు. తర్వాత ఇద్దరం డిస్కులో చూసి పడీపడీ నవ్వాం. బ్యాటరీ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. "మా అమ్మకి చెప్పేశాగా," అన్నాడు.

అక్టోబరు 14, సోమవారం

ఇటాలోని చంపేశారు. మా గేటు ముందు.

గేటు అప్పటికే వేసి ఉంది.

అక్టోబరు 15, మంగళవారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను.

సాయంత్రం పావు తక్కువ ఐదు. కరెంటు లేదు. వీధి మూలమీద మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. ఏడు తూటాలు. మొదటిది నడుముకి తగిలినా పరిగెత్తాడు. చివరిది మెడలో. నా గేటు కమ్మీలు పట్టుకుని కిందికి జారాడు, కమ్మీల మీద అరచేతి గుర్తులు కిందిదాకా ఉన్నాయి. పోలీసులు వెళ్ళాక నేనే నీళ్ళు పోసి కడిగాను. మూడు బకెట్ల తర్వాత కూడా నీళ్ళు ఎర్రగానే పోయాయి. వీధి కుక్క వచ్చి నాకబోతే కడుపులో తన్నాను, అది ఎగిరి అవతల పడింది. ఇంకా తన్నాలనిపించింది.

కాల్చింది బక్కోడు. మూలమీది గుంపులోవాడు, మా వీధిలోనే పెరిగాడు. ముఖానికి గుడ్డ కూడా కట్టుకోలేదు. కరెంటు లేదు, ఏ కెమెరా చూస్తుందిలే అనుకున్నాడు. వాళ్ళ మూట ఒకటి బండిలో వేసుకెళ్ళనన్నాడట ఇటాలో. అంతే.

"పైన కెమెరా ఉందే?" అన్నాడు పోలీసు.

"కరెంటు లేదు కదండీ," అన్నాను. అది అబద్ధం కాదు. కరెంటు నిజంగానే లేదు.

డిస్కులో ఉంది. చూడలేదు. చూడక్కర్లేదు.

అక్టోబరు 16, బుధవారం

ఎదురింట్లో శవం దగ్గర కూర్చున్నాను. ఇటాలో తల్లి తర్హెలియా పెద్దమ్మ ఏడవడం లేదు. అందరికీ కాఫీ పోసింది. నాకు పోస్తూ వంగి చెవిలో అంది:

"బ్యాటరీ పని చేసిందా నాయనా?"

దొంగకి తేలు కుట్టినట్టయింది. వేడి కాఫీ గుటకేసి నాలుక కాల్చుకున్నాను.

"చూడాలి పెద్దమ్మా. సిస్టమ్ కుదురుగా లేదు. సరిచేసి చూస్తాను."

"చూడు నాయనా. వాడి మొహం అందులో ఉంటే చాలు. నేను పట్టుకెళ్ళి ప్రాసిక్యూటర్ బల్ల మీద పడేస్తాను. నీ పేరు రానివ్వను."

అక్టోబరు 17, గురువారం

సిస్టమ్ నిజంగానే కుదురుగా లేదు. ఫెడోరా మొదటిసారి మధ్యలో ఆగిన దగ్గర్నుంచి నాకు నమ్మకం లేదు. ముందు మంచి లినక్స్ వేసుకోవాలి, తర్వాతే వీడియో తియ్యాలి. తొందరపడితే ఫైలు పాడవచ్చు. పద్ధతంటే పద్ధతే.

డెబియనా, ఆల్పైనా? పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కాగితం మీద గీతలు గీసి పోల్చాను. ఆల్పైన్ తేలిక. డెబియన్ నిదానం. రేపు తేలుస్తాను.

మా ఆవిడ నర్సిసా అన్నం పెడుతూ నా వైపు చూడలేదు.

"ఎందుకట్లా ఉన్నావు? నేనేం చేశాను?" అన్నాను.

"నువ్వేం చేశావని నేనన్నానా?" అంది.

అక్టోబరు 19, శనివారం

ఎడమ చేత్తో రాస్తున్నాను.

పట్టపగలు వచ్చాడు బక్కోడు, ఇద్దర్ని వెంటేసుకుని, కోలా సీసా తాగుతూ.

"బాబాయ్, పైనున్న ఆ కన్ను చూస్తుందా?"

"కరెంటుంటే చూస్తుంది."

"సోమవారం సాయంత్రం?"

"కరెంటు లేదుగా."

"మంచిది. చెయ్యి ఇలా పెట్టు." నా కుడిచెయ్యి పట్టుకుని గేటుకీ స్తంభానికీ మధ్య పెట్టించాడు. వెంట వచ్చిన వాళ్ళు వెనకనుంచి మెడ నొక్కి పట్టారు. గేటు కాలితో తన్నాడు. రెండు వేళ్ళు చిటుక్కుమన్నాయి. ఆ చప్పుడు నాకే వినిపించింది. రెండోసారి తన్నాడు. నేను మోకాళ్ళ మీద పడ్డాక సీసా పైకి విసిరి కెమెరాని పగలగొట్టాడు. గాజుముక్కలు నా నెత్తి మీద పడ్డాయి.

"కన్నుని మరిచిపో బాబాయ్. గేటుని గుర్తుంచుకో. నీ గేటు మంచిది. నీలాగే బుద్ధిగలది."

వాడి గొంతు కొరికి తెంపాలనిపించింది. మోకాళ్ళ మీద ఉండి "సరే" అన్నాను.

గేటు అప్పటికే వేసి ఉంది. వాడెందుకలా అన్నాడో తెలియదు.

అక్టోబరు 22, మంగళవారం

డెబియన్ ఎక్కించాను.

ఇన్‌స్టాలర్ రెండు డిస్కులూ చూపించింది. చిన్నదాన్ని ఎంచుకోబోయి పెద్దదాన్ని ఎంచుకున్నాను. ఎడమ చెయ్యి, ఆ పైన నొప్పి. పొరపాటు. కెమెరా డిస్కు చెరిగిపోయింది.

ఈ విద్యలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారైనా చేసే పొరపాటే ఇది. వాషో కూడా చేశాడు, ఐదేళ్ళ క్రితం, పెళ్ళి ఫోటోలు.

పొరపాటు.

అక్టోబరు 23, బుధవారం

చెప్పాను. తర్హెలియా పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని, ఉడికిన అరటికాయలు రోకలితో దంచుతోంది. నా మాట మొత్తం విన్నది. లేచి అదే రోకలితో కొట్టింది. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది చెవి మీద. మూడోదానికి నేల మీదున్నాను. రోకలికంటిన అరటికాయ ముద్ద నా మొహమంతా పూసుకుంది.

"వాడి బ్యాటరీరా అది! వాడిచ్చిన బ్యాటరీతో వాడి చావు రాసుకున్న పెట్టెరా! దాన్ని తుడిచేస్తావా?"

"పొరపాటు పెద్దమ్మా."

"పొరపాటున ఉప్పెక్కువేస్తారు. పొరపాటున కొడుకుల్ని తుడవరు!"

వీధిలో ఎవరూ అడ్డు రాలేదు. నేనూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

అక్టోబరు 25, శుక్రవారం

వాషో ఫోన్.

"చెరిపినంత మాత్రాన పోదని నీకు నేను చెప్పాలా? ముందున్న విషయసూచిక చింపావు, అంతే. పుస్తకం అక్కడే ఉంది. దాని మీద ఇంకోటి రాయకపోతే చాలు, వెతికి తీసే పనిముట్టు నా దగ్గరుంది. డిస్కు ఊడదీసి పట్టుకురా."

"రేపు తెస్తాను."

అక్టోబరు 26, శనివారం

డెబియన్ నచ్చలేదు. పెద్ద డిస్కు మీద ఫెడోరా వేశాను. ఊరికే చూద్దామని.

అక్టోబరు 27, ఆదివారం

ఆల్పైన్.

అక్టోబరు 28, సోమవారం

మళ్ళీ ఉబుంటు. అంత బరువేం కాదు.

అక్టోబరు 29, మంగళవారం

వాషోయే వచ్చాడు. తిన్నగా లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళి చూశాడు.

"ఈ డిస్కు మీద మళ్ళీ ఎక్కించావా? ఎన్నిసార్లు?"

"సరైనది వెతుకుతున్నా."

"దేనికి సరైనది? కెమెరానే లేదు, సర్వర్ దేనికిరా? నువ్వు లినక్స్ వెతకడం లేదు. వాణ్ణి పూడుస్తున్నావు. ఒక్కో పొరా మన్ను పోసి..."

ఛార్జరు దిమ్మ వైరుతో సహా చేతికొచ్చింది. తిప్పి కొట్టాను. కణత మీద తగిలింది. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఛాతీ మీదెక్కి కూర్చుని ఎడమ పిడికిలితో మొహం మీద గుద్దాను. ఎన్నిసార్లో తెలియదు. వాడి పన్ను ఒకటి నా పిడికిట్లో దిగింది. విరిగిన వేళ్ళతోనూ కొట్టాను. ప్రాణం పోయేంత నొప్పి, అయినా హాయిగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, హాయిగానే ఉంది. చివరికి నర్సిసా బకెట్టు నీళ్ళు ఇద్దరి మీదా పోసింది.

వాషో గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. నర్సిసా నేల తుడుస్తూ, తల ఎత్తకుండా అంది:

"ఆ రోజు నేను వంటింట్లో ఉన్నాను ఎలోయ్. మొదటి తూటా విన్నాను. తర్వాత గొళ్ళెం పడిన చప్పుడు విన్నాను. తర్వాత మిగతా ఆరు."

అక్టోబరు 30, బుధవారం

గేటు అప్పటికే

నవంబరు 1, శుక్రవారం

తర్హెలియా పెద్దమ్మ నాలుగు రోజులుగా మూలమీద నిలబడుతోందట, ఇటాలో ఫోటో మెడలో వేసుకుని. బక్కోడు కనపడితే చాలు, పూర్తి పేరు పెట్టి, వాళ్ళమ్మ పేరుతో సహా అరుస్తోంది. మధ్యాహ్నం ఆవిడ ఇంటి మీద కాల్చారు. తలుపులో నాలుగు బెజ్జాలు, పొయ్యి మీది కుండ పగిలింది, ఆవిడ ఎడమ చెవి తమ్మె ఎగిరిపోయింది. మా కిటికీలోంచి చూశాను. మెడ మీంచి రక్తం కారుతుంటే కుండ పెంకులు ఏరుతోంది.

గంట తర్వాత చెవికి గుడ్డ కట్టుకుని మళ్ళీ మూలకి బయల్దేరింది.

"ఇంటికి రా పెద్దమ్మా, చంపేస్తారు!" అని కిటికీలోంచి అరిచాను.

"నీ పెట్టెలో సాక్ష్యం లేదు," అంది వెనక్కి తిరక్కుండానే. "ఇప్పుడు నేనే సాక్ష్యాన్ని. నన్ను తుడవడానికి వాడే రావాలి."

ఈసారి చెవితో వదలరు. ఈ వారంలోనే చంపుతారు.

నవంబరు 2, శనివారం

చనిపోయినవాళ్ళ రోజు.

తర్హెలియా పెద్దమ్మది సముద్రపొడ్డున సాంతా ఎలీనా వైపు. వాళ్ళలో ఈ రోజు పోయినవాళ్ళకి బల్ల వేస్తారు, వాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి పెడతారు. పిలవని పొరుగింటివాడు ఉండకూడదు. పగవాడైనా సరే పిలవాలి. ఏ ఇంటి తలుపూ వేసి ఉండకూడదు, పోయినవాళ్ళు వచ్చి తట్టి వెనక్కి పోకూడదట. తూటాలు దిగిన తలుపు బార్లా తెరిచి, ఆవిడే మా గేటు దాకా వచ్చి పిలిచింది.

"కొట్టాను గానీ, పిలవక తప్పదు. రా. నీ గేటు కూడా తీసి ఉంచు. వాడు మా ఇంటికంటే మీ ఇంటికే ఎక్కువ వచ్చేవాడు."

తీశాను. ఎదురింటి బల్ల దగ్గర కూర్చున్నాను. చేపల పులుసు, ఉల్లిపాయ ముక్కలు, అరటికాయ చిప్స్, ఊదారంగు పళ్ళ జావ, రొట్టెతో చేసిన చిన్న బొమ్మ. ఇటాలో కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని వీధివైపు తిప్పి పెట్టింది. నేను కూర్చున్న చోటి నుంచి, ఆ కుర్చీ మీదుగా, తెరిచి ఉన్న నా గేటు తిన్నగా కనిపిస్తోంది.

పళ్ళెం అలాగే వదిలేశాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

గేటు అప్పటికి వేసి లేదు. తెరిచి ఉంది. నేను గేటులోనే నిలబడి ఉన్నాను. ఇటాలో నాకు ఎదురుగా పరిగెత్తి వస్తున్నాడు, చొక్కా కిందిభాగమంతా ఎర్రగా. నాలుగడుగుల దూరం. వెనకాల బక్కోడు. నేను గేటు వేశాను. గొళ్ళెం పెట్టాను. వాడు కమ్మీలు పట్టుకున్నాడు. నేను నా వైపు నుంచి వాడి వేళ్ళు విడదీశాను, పట్టుకుని ఉంటే తూటాలు నాకు తగులుతాయని. అప్పుడు మిగతా ఆరు.

కెమెరా మా ఇద్దరి నడినెత్తి మీద ఉంది.

బక్కోడి మొహం కోసం కాదు నేను డిస్కు చెరిపింది. వాడి భయం ఉంది, లేదనను. కానీ ఆ డిస్కులో నా చెయ్యి ఉంది.

ఇంకొకటి కూడా రాయాలి. డెబియన్ ఇన్‌స్టాలర్ ఆఖర్న ఒకసారి అడుగుతుంది, మార్పులు డిస్కు మీద రాయమంటారా అని. అవును, కాదు. బాణం మీట ముట్టుకోకపోతే అది 'కాదు' మీదే ఉంటుంది. నాలాంటి తొందరగాళ్ళ కోసమే అలా పెట్టారు. ఊరికే నొక్కితే ఏమీ జరగదు. నేను 'అవును' మీదికి జరిపి నొక్కాను. డిస్కు పేరు, దాని సైజు తెర మీద ఉన్నాయి. రెండుసార్లు చదివాను. ఎడమ చెయ్యే, కానీ వణకలేదు.

నవంబరు 3, ఆదివారం

తెల్లారగానే డిస్కు ఊడదీసి వాషో షాపుకి నడిచాను. తలుపు తీసి, మొహం చూసి, నా పొట్టలో గుద్దాడు. వంగిపోయాను. డిస్కు మాత్రం కింద పడనివ్వలేదు. ఇంకోటి గుద్దాడు. తర్వాత లోపలికి రమ్మన్నాడు. పన్ను పోయిన సందులోంచి వాడి మాట ఈలలా వస్తోంది.

వాడి యంత్రంలో డెబియన్ ఉంది. పదకొండేళ్ళుగా అదే. పనిముట్టు మొదలైంది. కరెంటు పోయేలోపు పన్నెండు శాతం.

నవంబరు 4, సోమవారం

కరెంటు వచ్చినప్పుడల్లా వెతుకుతోంది. చాలాచోట్ల నేను పోసిన మన్నే: ఫెడోరా ముక్కలు, ఉబుంటు ముక్కలు. ఇటాలో కోతిలా గెంతిన గురువారం దొరికింది. వాషో చూసి బయటికి వెళ్ళి సిగరెట్టు కాల్చాడు.

మధ్యాహ్నం మూడింటికి సోమవారం సాయంత్రం దొరికింది. యాభై ఒక్క సెకన్లు. బక్కోడి మొహం పాస్‌పోర్టు ఫోటోలా ఉంది. దానికి ముందు నేను.

వాషో రెండుసార్లు చూశాడు. మూడోసారి పెట్టలేదు.

"మొదటి పదిహేను సెకన్లు కోసేస్తాను," అన్నాడు చివరికి. "గేటు కనపడదు. వాడి మొహం చాలు. ఆ ముసలావిడకి ఇదంతా ఎందుకు? నీకెందుకు?"

నోరు తెరిచాను. 'సరే' అనడానికే తెరిచాను.

"కొయ్యకు," అన్నాను. "కోసిందని తెలిస్తే ప్రాసిక్యూటర్ నమ్మడు."

"ప్రాసిక్యూటర్ కోసమా?"

"కాదు."

నవంబరు 5, మంగళవారం

ముందు ఆవిడకే చూపించాను. వాషో లాప్‌టాప్ ఆ బల్ల మీదే పెట్టి. వీడియోలో నేనూ ఉన్నానని ముందే చెప్పాను. తల ఊపింది.

యాభై ఒక్క సెకన్లూ చూసింది. రెప్ప వేయలేదు. నేను తెర వైపు చూడలేదు, ఆవిడ చేతుల వైపు చూశాను. రోకలి మూలనే ఉంది. తీసుకుంటుందనుకున్నాను. తీసుకుంటే బాగుండుననుకున్నాను.

"ఇందులో మాట వినపడదా?" అంది.

"వినపడదు పెద్దమ్మా. కెమెరాకి చెవుల్లేవు."

"వాడి నోరు కదిలింది. నిన్ను పిలిచాడా?"

"పిలిచాడు."

"ఏమని?"

ఆవిడ ఆగింది. ఎంతసేపైనా ఆగేట్టుంది.

"'ఎలోయ్, నేనేరా' అన్నాడు. నేను గుర్తుపట్టలేదనుకున్నాడు."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. కుండ ఏదో గోడకేసి కొట్టిన చప్పుడు. ఇంకోటి. ఇంకోటి. ఇంట్లో ఉన్నవన్నీ అయిపోయాయేమో, చప్పుడు ఆగింది. నల్ల గౌను వేసుకుని, చెవి గుడ్డ మార్చుకుని బయటికొచ్చింది.

"నడు," అంది.

మూలమీదుగానే నడిచాం, పట్టపగలు, పక్కపక్కన. బక్కోడు మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. "ఎక్కడికి బాబాయ్?" అన్నాడు. ఆవిడ నా విరిగిన చేతిని గట్టిగా పట్టుకుంది. ఊతానికో, నేను పారిపోకుండానో. నొప్పికి కళ్ళకి చీకట్లు కమ్మాయి. వదలమనలేదు.

ప్రాసిక్యూటర్ ఆఫీసులో అధికారి వీడియో చూశాడు. కాగితం తీసుకున్నాడు. సాక్షిగా సంతకం పెడితే మీ వీధిలో ఉండలేరు, ఆలోచించుకున్నారా అని అడిగాడు. సంతకం పెట్టాను, ఎడమ చేత్తో. తర్వాత వీడియో వెనక్కి జరిపి, పన్నెండో సెకను దగ్గర ఆపాడు.

"గేటు వేస్తున్నది ఎవరు?"

"నేను," అన్నాను.

ఆయన నన్ను చూశాడు, ఆవిడని చూశాడు, మా ఇద్దరి చేతుల్ని చూశాడు.

"ఈయన మీకేమవుతారమ్మా?"

ఆవిడ తెర వైపు తిరిగింది.

"మా వాడు పిలిచింది వీణ్ణే," అంది.

ఆయన అదే రాసుకున్నాడు.